బియ్యానికి జామీను

మొన్న మా మనవరాలు నన్ను కొంపల్లిలో ఆ అద్దాల బజారుకు తీసుకుపోయింది. కదిలే మెట్ల మీంచి దిగి నాలుగడుగులు వేశామో లేదో, ఒక చిన్న కొట్టులోంచి వాసన వచ్చి ముక్కుకు తగిలింది. పిల్లకు అది చాక్లెట్ వాసన. నాకు కాదు. చక్కెర పడకముందు, వేయించిన గింజ రాతి కింద నలిగి నలిగి వేడెక్కినప్పుడు వచ్చే వాసన ఒకటుంటుంది. పులుపూ చేదూ కలిసి, కొంచెం మాడిన చింతగింజల మాదిరి ఉంటుంది. "ఎంత మంచిగ వాసనొస్తుంది కదా అవ్వా" అని పిల్ల ఎగురుతోంది. నాకేమో ఒళ్ళు మండిపోయింది. ఖలీల్ సాబ్ మీద. ఆయనను చూసి ఇన్నేళ్ళయినా ఆ వాసన తగిలితే ముందు కోపమే వస్తుంది, ఆ తర్వాతే మిగతావి.

ఆయనను మీరెవరూ చూసి ఉండరు. శామీర్‌పేట మనిషి. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. వాళ్ళకు అక్కడ జామతోట ఉండేది. పట్నంలో మోటార్లు చేసే పెద్ద కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసి, అది మానుకుని ఇంటిపట్టున ఉంటున్న మనిషిని మా షెడ్డు యజమాని పటేల్ బతిమాలి తెచ్చుకున్నాడు. చేతికి ఏ వస్తువు ఇచ్చినా ముందు దాన్ని తలకిందులు చేసి అడుగు చూడడం ఆయనకు అలవాటు. మొదటి రోజు నేను చాయ్ ఇస్తే, తాగేసి గ్లాసును కూడా అట్లాగే తిప్పి చూశాడు. నాతో పనిచేసే సత్తెమ్మ నా చెవిలో "గీయన పెండ్లిల పిల్లను గూడ గిట్లనే జూసిండా ఏంది" అంది. నవ్వాపుకోలేక నేను షెడ్డు వెనక్కు పోయాను.

నేను ఐదో తరగతితోనే బడి మానేసినదాన్ని. పెళ్ళయి మేడ్చల్ వచ్చాను. మా ఆయన దుండిగల్ దిక్కు షేర్ ఆటో నడిపేవాడు. పటేల్‌కు హైవే పక్కన పెద్ద ద్రాక్షతోట ఉండేది. అందులో ఎక్కువ భాగం ప్లాట్లు కొట్టి అమ్మేశాక, మిగిలిన మూలలో రేకుల షెడ్డు వేసి పిండి రుబ్బే గ్రైండర్లు చేయించడం మొదలుపెట్టాడు. ఆయనను ఊరంతా పటేల్ అనే పిలిచేది, మేమూ అంతే. మంచివాడే, కాని ఏ పనైనా ఎవరికి ఫోన్ కొడితే అవుతుందా అని చూసే మనిషి. ఆ షెడ్డులో నేనూ సత్తెమ్మా చెకింగ్ బల్ల దగ్గర పనిచేసేవాళ్ళం. తయారైన ప్రతి గ్రైండర్లోనూ నానిన బియ్యం పోసి, తిప్పి, చెవి పెట్టి విని, బాగుందనుకుంటే పెట్టెలోకి పంపడం మా పని. నా పేరు మీద జీతం రావడం నా బతుకులో అదే మొదటిసారి. ఆ పని నాకెంతో ఎవరికీ చెప్పుకోలేదు గాని, పొద్దున షెడ్డు గేటు తెరిచి ఉంటే చాలు, నా ప్రాణం కుదుటపడేది.

రాష్ట్రం వేరుపడడానికి ఒకటి రెండేళ్ళ ముందు సంగతి ఇది. జర్మనీ నుంచి ఒక ఆమె మా గ్రైండర్లు కావాలని రాసింది. పిండికి కాదు, చాక్లెట్‌కు. అక్కడ చిన్న చిన్న కొట్లవాళ్ళు కోకో గింజలను సొంతంగా రుబ్బుకుంటారట, వాళ్ళకు ఈమె అమ్ముతుందట. పటేల్ ఆనందం అంతా ఇంతా కాదు. ఆ దేశాల్లో అమ్మాలంటే మిషన్ మీద సీఈ అనే రెండక్షరాల ముద్ర ఉండాలి. దానికోసమే ఖలీల్ సాబ్‌ను తెచ్చాడు. ఈ ఆర్డరు సరుకు పంపగలిగితే ఇంకో ఆర్డరు వస్తుంది, లేకపోతే షెడ్డు తీసేసి ఇది కూడా ప్లాట్లే కొడతానని పటేల్ మా అందరి ముందూ చెప్పాడు. అప్పుడాయన చెప్పింది బెదిరింపు కాదు. భూమి రేట్లు అట్లా ఉండేవి. మేము రోజంతా చేసే గ్రైండర్ల కంటే మేము నిలబడ్డ నేలే ఖరీదు.

వచ్చిన వారంలోనే ఖలీల్ సాబ్ అందరినీ కూర్చోబెట్టి ఆ దేశాల చట్టం చదివి చెప్పాడు. మాకెందుకని అనుకున్నాం. ఆయన మాత్రం వదల్లేదు.

"శురూల ఏం రాసిండ్రంటే, ఈ సామాను తోని మనిషికి, ఇంట్ల జంతువుకు, ఇంటికి దెబ్బ తగలొద్దు. బస్. మిగిలిందంత దాని తరవాతనే."

"ఇంట్ల జంతువంటే మా ఆయన గూడ వస్తడా సార్?" అని సత్తెమ్మ అడిగింది.

"వస్తడమ్మా" అన్నాడు ఆయన, నవ్వకుండానే. "రెండు లెక్కలల్ల వస్తడు."

ఆ తర్వాత మొదలయ్యాయి ఆయన ప్రశ్నలు. పనికి వచ్చిన ప్రతి ఒక్కరినీ విడివిడిగా పిలిచి, ఈ మిషన్‌తో పిచ్చి పని చేయమంటే ఏం చేస్తావని అడిగాడు. ఒకామె తడిబట్టలు ఆరేస్తానంది. ఒకామె వైరు పట్టుకుని లాగి ప్లగ్గు పీకుతానంది. సత్తెమ్మ నల్లా కింద పెట్టి గిన్నె కడిగినట్టు కడుగుతానంది. ఇవన్నీ నవ్వులాటకు చెప్పినవి. ఆయన ప్రతిదీ రాసుకుని, అట్లా చేస్తే మనిషికేమవుతుంది, కానివ్వకుండా ఆపేది మిషన్‌లో ఏముంది అని రెండు రోజులు మమ్మల్నే చంపుకుతిన్నాడు. "కడగొద్దని కాగితం అంటిద్దాం సార్" అని నేనంటే, "కాగితం నీళ్ళను ఆపుతదా యాదమ్మా?" అన్నాడు. పళ్ళు కొరుక్కుని బల్ల దగ్గరికి పోయాను.

ఇంతలో పటేల్ ఎక్కడో ఒక ల్యాబ్‌కు మా గ్రైండర్‌ను పంపించి పరీక్ష చేయించాడు. పాసైనట్టు కాగితం వచ్చింది. మిఠాయి పంచాడు. ఇక ముద్ర కొట్టి పెట్టెలు ఎక్కించడమే అనుకున్నాం. ఆ రోజు నేను పటేల్ గదిలో గ్రైండర్ మూత మారుస్తున్నాను కాబట్టి అక్కడ జరిగినదంతా విన్నాను. ఖలీల్ సాబ్ ఆ కాగితాన్ని పేజీ పేజీ తిప్పి, చివరికి బల్ల మీద పెట్టాడు.

"వీళ్ళు బియ్యం పోసి చూసిండ్రు పటేల్."

"గ్రైండర్ల బియ్యం పొయ్యక ఏం పోస్తరు ఖలీల్ భాయ్?"

"ల్యాబోళ్ళది తప్పు లేదు. వాళ్ళ రూల్ల ఎట్లుంటే అట్ల చేసిండ్రు. ఆ రూల్ ఇంట్ల పిండి రుబ్బేటోళ్ళ కోసం రాసింది. జెర్రసేపు తిప్పు, ఆపు, సల్లారనియ్యి, మళ్ళ తిప్పు. జర్మనీ ఆమె ఆపనంటున్నది. రెండు దినాలు ఏకంగ తిప్పుతనంటున్నది. చాక్లెట్ గడ్డ కట్టొద్దని మీదికెల్లి దుప్పటి కప్పుతనంటున్నది."

"మిషన్‌కు దుప్పటా?"

"ఆడ సలి పటేల్. దుప్పటి కప్పితే మోటరుకు గాలి ఆడదు. ఈ కాగితంల దాని ముచ్చటే లేదు."

"అయితే చాక్లెట్ రూల్ తెప్పియ్యి. దాని పరీక్ష చేపిద్దాం."

"గసుంటిది ఎవ్వలు రాయలే. నేను మస్తు ఎతికిన." ఆయన చట్టం గురించి మాకు చెప్పినట్టే పటేల్‌కూ నెమ్మదిగా చెప్పాడు. "ఆ రూల్ పట్టుకుంటేనే అమ్మాలని చట్టంల లేదు. దెబ్బ తగలొద్దన్నదే చట్టం. రూల్ అంటే వాళ్ళు ఏసి పెట్టిన తోవ. దాని మీద నడిస్తే ఎందుకొచ్చినవని నిన్నెవ్వరడగరు. అది మనకు సరిపోకుంటే వేరే తోవల పోవచ్చు. కాని..."

పటేల్ ఆ 'కాని' దగ్గర ఆగలేదు. కుర్చీలోంచి లేచాడు. "గా ముచ్చట ముందుగాల చెప్పాలె గదా భాయ్. వేరే తోవున్నదా? మరింకేంది" అంటూ బయటికి పోయి అప్పుడే ఎవరికో ఫోన్ కొట్టాడు. ఆయన లెక్కలో వేరే తోవ అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో వెనక తలుపు. వరుసలో నిలబడక్కర్లేదు, లోపల మనవాడు ఉంటాడు, పని అయిపోతుంది. సాయంత్రానికల్లా షెడ్డంతా అదే మాట పాకింది: జర్మనీకి వేరే తోవ దొరికిందట, ఇక పరీక్షలు ఉండవట. ఖలీల్ సాబ్ నా బల్ల పక్కన తలకిందులు చేసిన డబ్బా మీద కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"వేరే తోవంటే మనమే ఏసుకునే తోవ యాదమ్మా. ప్రతి అడుగు ఎందుకేసినమో మనమే చెప్పాలె. ఇది దగ్గరి తోవ కాదు, దూరం తోవ. గీ పటేల్‌కు ఎట్ల చెప్పాలె నేను?"

"నాకు చెప్పకుండ్రి సార్, నాకు పనున్నది" అన్నాను నేను. నిజంగానే ఉంది.

దూరం తోవ అంటే ఎంత దూరమో మరుసటి రోజు నుంచి తెలిసింది. జర్మనీ ఆమె పంపిన కోకో గింజల బస్తా విప్పాము. ఒక పలుకు నోట్లో వేసుకుని సత్తెమ్మ థూ అని ఉమ్మి, "గీ చేదు గింజ కోసం గింత లొల్లా" అంది. గింజలు వేయించి, దంచి, గ్రైండర్లో పోశాము. మోటారుకు అక్కడక్కడా వేడి చూసే సన్నటి తీగలు అతికించాడు ఖలీల్ సాబ్. కప్పడానికి దుప్పటి కావాలంటే పటేల్ ఇంట్లోంచి ఒక పాత నల్ల గొంగడి తెచ్చారు. గొర్లకాపరి కప్పుకున్నట్టు గొంగడి కప్పుకుని, లోపల గుర్రుమంటూ ఆ మిషన్ తిరుగుతుంటే చూడాలి. కరెంటు కోతలు ఘోరంగా ఉన్న కాలం. అందుకని జనరేటర్ పెట్టించాడు, కాని కరెంటు పోయాక అది అందుకునేలోపు మిషన్ ఓసారి ఆగేది. డీజిల్ పోసినప్పుడల్లా పటేల్ గొణిగేవాడు. పగటి వంతు నాదీ సత్తెమ్మదీ, రాత్రికి ఖలీల్ సాబే ఉండిపోయేవాడు.

మొదటిసారి పరీక్ష సగం దాటాక సత్తెమ్మ చెడగొట్టింది. గొంగడి కింద చెయ్యి పెట్టి చూస్తే మోటారు కాలిపోతోందట. దానికి పాపం అనిపించింది. జ్వరం వచ్చిన పిల్లకు దుప్పటి తొలగించినట్టు గొంగడి అంచులు పైకి మడిచి, చల్లగా గాలి తగలనిచ్చింది. ఖలీల్ సాబ్ వచ్చి చూశాడు.

"ఏంది సత్తెమ్మా ఇది?"

"దమ్మాడుతలేదు సార్ దానికి. నోరు లేనిదాయె."

"దమ్ము ఆడకుంటే ఏమైతదో చూద్దామనే గదమ్మా కప్పినం. మళ్ళ శురూ."

"అంతనా?"

"మొత్తం."

మొత్తం మళ్ళీ మొదలుపెట్టాము. తీగలు తీసి, మోటారు చల్లారనిచ్చి, కొత్త గింజలు వేయించి. సత్తెమ్మ ఆయనను తిట్టని తిట్టు లేదు. అవతల పెట్టెలన్నీ ముద్ర కోసం వరుసగా పేర్చి ఉన్నాయి. వాటిని ఆపినది ఈ మనిషి, ఈ గొంగడి.

రెండోసారి తిప్పుతున్న రోజు మధ్యాహ్నం, గ్రైండర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నాను. టక్కున చెయ్యి చాచి స్విచ్ బంద్ చేశాను. ఖలీల్ సాబ్ జామకాయ కోసుకు తింటున్నవాడు లేచి వచ్చాడు.

"ఎందుకు బంద్ చేసినవ్?"

"కరెంటు వోయింది గద సార్."

"మీద ఫ్యాన్ తిరుగుతాంది చూడు."

తల ఎత్తి చూశాను. నిజమే. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. కరెంటు ఎక్కడికీ పోలేదు.

"అయితే మోటరు వేడికి ఆగింది" అన్నాడు. "లోపల ఒక చిన్న బిళ్ళ ఉంటది, మరీ కాలితే కరెంటు తెంపుతది. మంచిదే. నువ్వు స్విచ్ ఎందుకు ముట్టినవో చెప్పు."

"ఆగితే బంద్ చెయ్యమా సార్? కరెంటొస్తే మళ్ళ తిరుగుతది. చెయ్యి లోపలుంటే ఏం గావాలె? ఇండ్లల్ల గూడ అందరం గంతే." ఇంత చిన్న సంగతి అడిగి విసిగిస్తాడేమిటని నాకు చిరాకు. కోతల్లో బతికిన ఆడవాళ్ళం. కరెంటు పోగానే ముందు స్విచ్ మీదికే చెయ్యి పోతుంది. దానికి బుద్ధి అక్కర్లేదు.

ఆయన నన్నే చూస్తూ నిలబడ్డాడు. "ఇన్ని దినాల నుంచి ఎన్నిసార్లు ఆగింది ఇట్ల?"

"ఆగుతనే ఉంటది. కరెంటనుకున్నం."

"ఆగిన ప్రతిసారి బంద్ చేసిండ్రా మీరు?"

"చేసినం సార్. ఏమైందిప్పుడు?"

ఆయన స్విచ్ మళ్ళీ వేశాడు. వేడి మీద ఉంది కాబట్టి గ్రైండర్ కదల్లేదు. గొంగడి తీసేశాడు. మూత తీశాడు. గిన్నె అంచున అంటుకున్న చాక్లెట్‌ను గోకడానికి మేము వాడే కొయ్య గరిటెను రాళ్ళ మధ్య నిలబెట్టి, మమ్మల్ని దూరం జరగమన్నాడు. "ఇప్పుడు ఎవ్వలు చెయ్యి ముట్టొద్దు. ఏమయిన సరే."

అందరం పనులు ఆపి నిలబడ్డాం. ఏమీ కాలేదు. సత్తెమ్మ ఆవలించింది. పటేల్ కూడా ఏమిటీ గుంపు అని గది గుమ్మంలోకి వచ్చాడు. నేను ఇక పోయి నా పని చూసుకుందామని అటు తిరిగాను. వెనకాల గర్రుమని చప్పుడు. గ్రైండర్ తనంతట తానే మొదలైంది. రాళ్ళు తిరిగి, గరిటె ఫెళ్ళున విరిగి, ఒక ముక్క ఎగిరి రేకు గోడకు తగిలింది. స్విచ్ దగ్గరికి ఎవరూ పోలేదు. చల్లారగానే ఆ బిళ్ళ మళ్ళీ కరెంటు కలిపింది, అంతే.

నేను నా కుడి చెయ్యి చూసుకున్నాను.

"కాగితం మీద నాకు తెలుసు ఇది" అన్నాడు ఖలీల్ సాబ్. "సల్లారితే మళ్ళ కలుపుతదని తెలుసు. కండ్లతోని చూడలే. మీరు చూడనియ్యలే. ఇన్ని దినాలు ఈ మిషన్‌ను కాపాడింది మీ చెయ్యి. మీ చెయ్యి జర్మనీకి పోదు గద యాదమ్మా. ఆడ కరెంటు పోదు. ఆగితే స్విచ్ తియ్యాలన్న ఆలోచన ఆడ రుబ్బేటామెకు ఎందుకొస్తది? ఆగింది, మూత తీసింది, చెయ్యి పెట్టింది."

అప్పటికి నాకు అర్థమైంది, కాని ఆనందం కలగలేదు. ఎందుకంటే తర్వాత ఆయన చెప్పబోయేది ఏమిటో కూడా అర్థమైంది. పెట్టెలన్నీ విప్పాలి. ఆ స్విచ్‌లన్నీ తీసేసి, ఒకసారి ఆగితే మనిషి వచ్చి మళ్ళీ నొక్కేదాకా కదలని రకం వేయాలి. గాలి కోసం చిల్లులు పక్కనుంచి కిందికి మార్చాలి. ఆ స్విచ్‌లు ఇక్కడ దొరకవు, తెప్పించాలి. ఓడకు సరుకు అందదు.

పటేల్ అరిచిన అరుపు హైవే దాకా వినబడి ఉంటుంది. "వేరే తోవంటే అల్కగైతదనుకున్న నేను. నువ్వు ఉన్న తోవ గూడ తవ్వేస్తివి. ల్యాబ్ కాగితం నా చేతిలున్నది. కొట్టు ముద్ర. జర్మనోళ్ళు చదువుకున్నోళ్ళు, తిరిగేదాంట్ల చెయ్యెందుకు పెడ్తరు?"

"తిరిగేదాంట్ల పెట్టరు పటేల్. ఆగినదాంట్ల పెడ్తరు."

"సరుకు పోకపోతే షెడ్డుకు తాళమేస్త. గీ ఆడోళ్ళకు నువ్వే చెప్పుకో మరి."

ఆయన మాకు ఏం చెబుతాడు. మేమే ఆయన దగ్గరికి పోయాం. నన్ను ముందుకు తోశారు. జామకాయల సంచి పక్కన పెట్టుకుని ఆయన ఏదో రాసుకుంటున్నాడు.

"సార్, కాగితమైతే వచ్చింది గద. ల్యాబోళ్ళు రాసిచ్చినంక మీదేం పోతది? గీ ఒక్కసారి పోనియ్యుండ్రి. తరవాతి సరుకుల మంచిగ చేద్దాం. మా పని వోతది సార్."

"నేను ఆపుతలేనమ్మా" అన్నాడు విసుగ్గా. "ఆపనీకి నేనెవర్ని? సంతకం పటేల్‌ది. పెడ్తే పెట్టుమను."

ఇంకేదైనా అనుంటే బాగుండేది. బతిమాలితే కరగని మనిషిని తిట్టుకోవచ్చు. ఈయన తలుపు తెరిచి పక్కకు జరిగినవాడిలా కూర్చున్నాడు. సత్తెమ్మ వెంటనే పటేల్ దగ్గరికి ఉరికింది, సంతకం మీదేనట పటేలా, సార్ ఆపుతలేడట అని. పటేల్ వచ్చాడు. కాగితం తెమ్మన్నాడు. ఖలీల్ సాబ్ ఒకే ఒక పేజీ ఉన్న కాగితం ముందు పెట్టి, కలం మూత తీసి ఇచ్చాడు.

పటేల్ తన బతుకులో చదవకుండా పెట్టిన సంతకాలు ఎన్నో ఉంటాయి. అందుకని అది కూడా పెట్టేసేవాడే. కాని ఖలీల్ సాబ్ ఊరుకోలేదు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని వేలు పెట్టి తెలుగులో చెప్పసాగాడు. "ఈడ మీ పేరు. ఈడ మిషన్ పేరు. దీని కింద ఏం రాసుందంటే, ఈ మిషన్ తోని దెబ్బ తగలదు అనే మాటకు జిమ్మేదారి నాదొక్కనిదే."

"నాదొక్కనిదా?"

"చేసేటోనిదే పటేల్."

"మరి ల్యాబోళ్ళు? పాసని రాసిచ్చిండ్రు గద. వాళ్ళు జామీను కాదా?"

"ల్యాబోళ్ళు బియ్యానికి జామీను" అన్నాడు ఖలీల్ సాబ్. "దుప్పటికి కాదు. చాక్లెట్‌కు కాదు. దానికి మీరే."

పటేల్ జామీను అంటే ఏమిటో బాగా తెలిసిన మనిషి. ఊళ్ళో తమ్ముడి వరస అయినవాడికి నిలబడి, ఆ తర్వాత ఠాణా చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగినవాడు. చట్టమూ, జర్మనీ, విరిగిన గరిటె చెప్పలేనిది ఆ ఒక్క మాట చెప్పింది. ఆయన కలాన్ని కాగితం మీద పెట్టలేదు. మమ్మల్ని ఒకసారి, పెట్టెలను ఒకసారి చూశాడు. "పెట్టెలు ఇప్పుండ్రి" అని, కలం బల్ల మీద విసిరికొట్టి పోయాడు.

పెట్టెలు విప్పాం. ప్యాక్ చేసిన చేతులతోనే విప్పడం కంటే చిరాకు పని లోకంలో ఇంకోటి లేదు. స్విచ్‌లు వచ్చేదాకా సగం జీతాలతో కూర్చున్నాం. వచ్చాక బిగించి, గొంగడి కప్పి, మళ్ళీ తిప్పి, ఆపి, గరిటెలు పెట్టి చూశాం. ఒక్కసారి కూడా తనంతట తాను కదల్లేదు. ప్రతి అడుగూ ఎందుకు వేశామో రాసి, ఫొటోలు పెట్టి, ఆయన లావుపాటి ఫైలు కట్టాడు. అప్పుడు పటేల్ సంతకం పెట్టాడు, నోట్లో ఏదో గొణుక్కుంటూ. జర్మనీ ఆమె ఆ ఫైలంతా చదివిందట. మెచ్చుకుంటూ రాస్తుందనుకున్నాం. ఆమె ఇంకో ప్రశ్న పంపింది: మా వాళ్ళు గిన్నెను వేడి చేయడానికి జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో వేడిగాలి కొడతారు, దానికి ప్లాస్టిక్ మూత తట్టుకుంటుందా అని. మేమంతా కూలబడ్డాం. ఖలీల్ సాబ్ మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోయింది. "అసలైన కస్టమర్ ఈమె" అన్నాడు.

షెడ్డుకు తాళం పడలేదు. కాని ఆలస్యమైందని జర్మనీ ఆమె తను అడిగిన సరుకులో సగమే తీసుకుంది. మిగిలిన సగం ఇంకెవరి దగ్గరో కొనుక్కుంది. పటేల్ మనుషులను తగ్గించాడు. చెకింగ్ బల్ల దగ్గర ఒకరు చాలన్నాడు. గొంగడి మడిచిన సంగతి ఆయన మరిచిపోలేదు. సత్తెమ్మను తీసేశాడు. ఖలీల్ సాబ్ పటేల్‌తో గట్టిగా గొడవపడ్డాడు, నాకు తెలుసు, గోడ ఇవతల నేనున్నాను. ఫలితం లేకపోయింది. సత్తెమ్మ పోతూ పోతూ ఆయన ముందు నిలబడి, "ఎక్కన్నో జర్మనీల ఎవ్వలదో చెయ్యి గాపాడినవ్ సార్. నా కడుపు గొట్టినవ్" అంది. ఆయన తల ఎత్తలేదు. ఆ రెండు మాటల్లో ఏది అబద్ధం? ఆ ప్రశ్నకు జవాబు నాకు ఇప్పటికీ తెలియదు. ఆ చెయ్యి ఎవరిదో కూడా ఎప్పటికీ తెలియదు. తెగని చెయ్యికి పేరు ఉండదు. తీసేసిన మనిషికి ఉంటుంది. మరుసటి ఏడు ఆయన కూడా పని మానుకుని తోటకు పోయాడు. రాష్ట్రం వచ్చిన ఏడు పటేల్ ఆ షెడ్డును కూడా ప్లాట్లు కొట్టాడు. మంచి రేటు వచ్చిందట.

నాకు మళ్ళీ పని ఇప్పించింది సత్తెమ్మే. దుండిగల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ వంటింట్లో అది అప్పటికే కుదురుకుని ఉంది. నన్ను తీసుకుపోయిన రోజున, చపాతీ పిండి పిసికే పెద్ద మిషన్‌ను ఇద్దరు కొత్త పిల్లలు లోపలికి వంగి కడుగుతున్నారు. సత్తెమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆ మిషన్ ప్లగ్గు పీకి, వైరుతో సహా ఒళ్ళో పెట్టుకుని, పట్టుకుని కూర్చుంది.

"ఏందే గది?" అన్నాను.

"ఏం లేదు. గా ముసలోడు ఖరాబ్ జేసి పెట్టిండు నన్ను. పిల్లలు కడిగినంతసేపు నాకు పానం ఆగది."

ఆ మాటకు నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్కడితో ఊరుకుని దాని పక్కన కూర్చుంటే ఎంత బాగుండేది. ఊరుకోలేకపోయాను.

"నువ్వు రాని దినం ఎవరు పట్టుకుంటరు?"

సత్తెమ్మ నా వైపు చూసిన చూపు ఎట్లా చెప్పను. "వచ్చినవా తల్లీ" అంది. "పని ఇప్పియ్యంగనే శురువైనవా?"

"గది నీ చెయ్యే గద కాపాడుతాంది. మిషన్ కాదు గద."

"పో అవతలికి. పొయ్యి గా వార్డెన్ను తిను. నా పానం తియ్యకు" అని తడిగుడ్డ నా మీదికి విసిరింది.

పోయాను. వార్డెన్ మంచివాడే, చదువుకున్నవాడు. ఆగితే మళ్ళీ నొక్కేదాకా కదలని స్విచ్ ఒకటి వేయించాలని చెప్పాను. ఆయన నవ్వి, "ఇన్నేండ్ల నుంచి నడుస్తుంది కదమ్మా, ఎప్పుడన్న ఎవరికన్న ఏమన్న అయిందా?" అన్నాడు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.